నాయన పాత .315 రైఫిల్ అమ్మాలి, ఎంత అడిగితే న్యాయం?

బత్తాయితోట (దేవరకొండ):
అందరికీ నమస్తే. మా నాయనకు 74 ఏళ్లు. ఆయన పేరు మీద రెండు తుపాకులున్నాయి. ఒకటి రెండు గొట్టాల 12 బోర్ షాట్‌గన్, ఇంకోటి ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిల్. లైసెన్సు నడుస్తోంది, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) కూడా ఉంది. 12 బోర్ ఉంచుకుని రైఫిల్ అమ్మేద్దామని ఇంట్లో అనుకున్నాం. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, తోట దగ్గర ఉండేది అమ్మా నాయనే. ఈ వయసులో రెండింటినీ భద్రంగా చూసుకోవడం ఆయనకు టెన్షన్‌గా ఉంది.

రేటు దగ్గరే తెగట్లేదు. హైదరాబాద్‌లో ఒక డీలర్ వస్తువు చూడకుండా ఫోన్లోనే 25 వేలు అన్నాడు. పక్క ఊరాయన ఒకరు లక్ష ఇస్తా, కానీ ఈ వారంలోనే కావాలంటున్నాడు. నాయనేమో రెండు పంటల డబ్బు పెట్టి కొన్నానని లక్షన్నరకు తగ్గడం లేదు. ఆయన మనసు నొప్పించలేను, అట్లని కొనేవాళ్లను ముంచడం కూడా నాకు ఇష్టం లేదు.

కొన్నది 1980ల చివర్లో. పేల్చింది చాలా తక్కువ. 90ల్లో అన్నల (నక్సలైట్ల) భయానికి ఇక్కడ చాలామంది లాగే మావాళ్లు కూడా తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేశారు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా మళ్లీ డిపాజిట్. పైకి చూస్తే కొత్తదానిలా మెరుస్తుంది, ఈ మధ్యనే చెక్కకు పాలిష్ కూడా పెట్టించాం. న్యాయమైన ధర ఎట్లా కట్టాలి?

పాత ఆర్మరర్ (మహబూబ్‌నగర్):
తమ్మీ, పాలిష్ సంగతి పక్కన పెట్టు, రైఫిల్ ధర బ్యారెల్ (గొట్టం) లోపల ఉంటది. తక్కువ పేల్చిండు అన్నది మంచి మాటే గానీ, మన దగ్గర తుపాకులు పేల్చి పాడైనవి తక్కువ, మూలన పడి పాడైనవి ఎక్కువ. స్టేషన్ స్టోర్ రూమ్‌లో నూనె పెట్టేదెవరు? నాలుగు వానాకాలాలు అట్లనే ఉంటే చాలు, లోపల తుప్పు గుంటలు పడతయ్.

నాయననే చూడమను, లైసెన్సు ఆయనది కదా. ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, బోల్ట్ (వెనక మూసే కడ్డీ) వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూడాలి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటకు తీసి, నూనె గుడ్డతో బ్యారెల్ తుడిచి, ఆ పైన పొడి గుడ్డ లాగాలి. నూనె ఉంటే గుంటలు కనపడవు, అందుకే పొడి గుడ్డ. బోల్ట్ ఉండే చోట తెల్ల కాగితం వాలుగా పెట్టి దాని మీద టార్చి కొడితే, మూతి వైపు నుంచి చూసినప్పుడు లోపలంతా వెలుగుతది. రైఫ్లింగ్ గాడులు (తూటాను తిప్పే గీతలు) మూతి నుంచి ఛాంబర్ దాకా అంచులు పదునుగా, మెలి తిరిగి కనపడాలి. నల్ల చుక్కలు, మసక మచ్చలు ఉంటే అవి గుంటలే. మూతి అంచు చుట్టూ నొక్కులున్నయా చూడండి, అక్కడ చిన్న దెబ్బ తగిలినా గురి తప్పుతది. బోల్ట్ మీద నంబరు, బాడీ మీద నంబరు, లైసెన్సులో రాసిన నంబరు మూడూ ఒకటే ఉండాలె. బోల్ట్ వేరే రైఫిల్‌దైతే తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్‌కూ ఛాంబర్‌లోని తూటాకూ మధ్య సందు) చూపించకుండా ఎవరూ పేల్చొద్దు, అమ్మొద్దు కూడా. చెక్క మీద వేళ్లు పట్టే సన్నని చోట పగులు ఉందేమో గోటితో గీకి చూడండి, పాలిష్ కింద దాగి ఉంటది.

ధరకొస్తే, ఇదే .315 కొత్తది ఫ్యాక్టరీలో పన్నులతో కలిపి ఈరోజు ఎంతకిస్తున్నరో కనుక్కో. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీలుగా విడగొట్టినంక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందకు వచ్చింది. ఆ ధర దాటి ఎవడూ పాతది కొనడు. నా లెక్క ప్రకారం లోపల శుభ్రంగా ఉంటే ఆ ధరలో సగం కంటే కొంచెం పైన, మచ్చలుంటే సగం లోపు, గుంటలు లోతుగా ఉంటే పావు వంతు వచ్చినా సంతోషమే. విదేశీ రైఫిల్ అయితే కథ వేరు, 1980ల తర్వాత మామూలు జనానికి దిగుమతి ఆగిపోయింది గనక వాటికి గిరాకీ ఉంటది. మీది ఆ కోవలోది కాదు.

నల్లమల అంచున (అచ్చంపేట):
అన్నా, ఆర్మరర్ అన్న చెప్పింది వస్తువు సంగతి, నేను కొనేవాళ్ల సంగతి చెప్తా. పాత 12 బోర్ అయితే బ్యాంకుల దగ్గర, ఏటీఎం డబ్బు బండ్ల మీద సెక్యూరిటీ పని చేసే మాజీ సైనికులు కొంటారు. .315 కి ఆ గిరాకీ లేదు. షూటింగ్ పోటీల పిల్లలకు కావాల్సింది .22, ఎయిర్ రైఫిళ్లు, వాళ్లూ దీని జోలికి రారు. వేట అంటారా, 1972 వన్యప్రాణి చట్టంతోనే అయిపోయింది, మా వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కన రైఫిల్ పట్టుకుని కనిపిస్తేనే కేసు. పైగా 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, మునుపు మూడు ఉండేవి. మూడోది ఉన్నవాళ్లు చాలామంది వదిలించుకోవాల్సి వచ్చింది. కాబట్టి కొనేవాడికి రైఫిల్ లైసెన్సు ఉండాలి, అందులో ఖాళీ ఉండాలి, దాని మీద మోజూ ఉండాలి. అట్లాంటి వాళ్లు జిల్లాలో ఎందరుంటారో మీరే ఆలోచించండి. డీలర్ తక్కువ చెప్పడానికి సగం కారణం ఇదే, వస్తువు ఎన్నాళ్లు షాపులో పడుంటుందో ఆయనకే తెలియదు. కానీ చూడకుండా చెప్పిన ధర ధర కాదు, తీసుకెళ్లి చూపించి మాట్లాడండి.

బత్తాయితోట (దేవరకొండ):
నిన్న ఊరికి పోయి నాయనతోనే చూపించాను. నంబర్లు మూడూ కలిశాయి. గాడులు పదునుగానే ఉన్నాయి, కానీ మూతి నుంచి జానెడు లోపల ఒకవైపు మసక మచ్చలు కనిపించాయి, గుడ్డ ఎన్నిసార్లు లాగినా పోలేదు. నాయన టార్చి పట్టుకుని చాలాసేపు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. చెక్క బాగుంది. ఫ్యాక్టరీ ధర కనుక్కుని, అన్న చెప్పిన సగం లెక్క వేస్తే 55 వేల దగ్గర తేలింది. అంత అడగనా? లక్ష ఇస్తానన్న ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, కాగితాలు తర్వాత చూసుకుందాం అంటున్నాడు.

పాత ఆర్మరర్ (మహబూబ్‌నగర్):
జానెడు లోపల, ఒకవైపే అంటే నిలబెట్టినప్పుడు చెమ్మ చేరి పట్టిన మచ్చ అనిపిస్తుంది. పనికిరాకుండా పోయే లోపం కాదు. 55 అడుగు, మచ్చ ఉన్నదని నువ్వే ముందు చెప్పు, 45 వరకు దిగొచ్చు. అంతకంటే దిగితే నాయనకు అన్యాయం.

వకీలక్క (నల్గొండ):
తమ్ముడూ, ఆ లక్షాయనకు వస్తువు ఇవ్వొద్దు, అడ్వాన్సు కూడా తీసుకోవద్దు. కొత్తదానికి దగ్గర దగ్గర ధర పెట్టి, కాగితాలు తర్వాత అంటున్నాడంటే ఆయన లైసెన్సులో ఏదో లోటు ఉందనే నా అనుమానం. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం, ఒక లైసెన్సుదారు ఇంకొకరికి నేరుగా అమ్మాలంటే, ఏం అమ్ముతున్నాడో, ఎవరికి అమ్ముతున్నాడో, కొనేవాళ్ల పేరు, అడ్రసుతో సహా కలెక్టర్‌కు గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ రాసివ్వాలి. ఇచ్చాక 45 రోజులు గడవాలి. ఈ వారంలోనే కావాలి అనడానికి చట్టంలో చోటే లేదు. రేపు ఆ రైఫిల్‌తో ఏదన్నా జరిగితే పోలీసులు మొదట వచ్చేది లైసెన్సులో నంబరున్న మీ నాయన దగ్గరికే.

నిజమైన కొనుగోలుదారు దొరికితే ఆయన లైసెన్సు ఒరిజినల్ చూడండి, రైఫిల్ కొనడానికి అనుమతి, దాని గడువు, యూఐఎన్ సరిపోవాలి. నోటీసు ఇచ్చి, అక్‌నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. కొంచెం టోకెన్ తీసుకుంటే, అనుమతి రాకపోతే తిరిగిస్తామని రసీదులో రాయండి. చివర్లో నాయన లైసెన్సులో రైఫిల్ ఎంట్రీ కొట్టేయించేదాకా పని అయిపోయినట్టు కాదు. ఫొటోలు పెట్టాల్సి వస్తే నంబరు కనపడకుండా పెట్టండి.

ఇంకొకటి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు దాటినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఆయన చెప్పిన వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో వీలుంది. మీకు వద్దనుకుంటే సరే, అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఎవరైనా అడుగుతారేమో అమ్మేముందు ఒక మాట కనుక్కోండి.

బత్తాయితోట (దేవరకొండ):
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. లక్షాయనకు వద్దని చెప్పేశాను. మా చెల్లెలు మిర్యాలగూడలో ఉంటుంది, ఈ రాత్రి తనతో మాట్లాడతా. తను వద్దంటే 55కి పెడతాను, నాయన ఒప్పుకున్నాడు. మిగిలిన తూటాలు కూడా రైఫిల్‌తో పాటే పోవాలా?

వకీలక్క (నల్గొండ):
తూటాలకూ లైసెన్సు ఉన్నవాడే కావాలి, కొనేవాళ్ల లైసెన్సులో ఎక్కించే ఇవ్వాలి. అంత పాతవాటికి ధర కట్టకండి. కొనేవాళ్లు వద్దంటే ఇంట్లో ఉంచుకోకుండా డీలర్‌కో స్టేషన్‌లోనో అప్పగించి రసీదు తీసుకోండి.