'డ్రాకులా' భయం వ్లాడ్ చరిత్రదా, బ్రామ్ స్టోకర్ పనితనానిదా?

చీకటిగది: 15వ శతాబ్దంలో వలేకియాను (ఇప్పటి రొమేనియాలో భాగం) ఏలిన వ్లాడ్ లేకపోతే 'డ్రాకులా' (1897) లేదు. శత్రువుల్ని కొరత వేయించిన వాడి చరిత్రే ఆ నవలకు ప్రాణం. స్టోకర్ మిగతా పుస్తకాల వెనక అలాంటి మనిషి లేడు, అందుకే అవి ఎవరికీ గుర్తులేవు.

పాతకాపీ: స్టోకర్ నోట్సు చూశారా అండీ? ఫిలడెల్ఫియా రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉన్నాయి, పుస్తకంగా అచ్చయ్యాయి కూడా. 1890 మార్చి నుంచి మొదలవుతాయి. తొలి నోట్సులో కథాస్థలం ఆస్ట్రియాలోని స్టిరియా, విలన్ పేరు కౌంట్ వాంపైర్, అంటే రక్తపిశాచి. ఆ వేసవిలో ఇంగ్లండ్ తీరపట్టణం విట్‌బీ లైబ్రరీలో వలేకియా మీద విల్కిన్సన్ రాసిన పుస్తకం దొరికాకే డ్రాకులా అన్న పేరొచ్చింది. అందులో డ్రాకులా గురించి ఉన్నదల్లా టర్కులతో యుద్ధం గురించి నాలుగు ముక్కలు, ఒక ఫుట్‌నోట్. వ్లాడ్ పేరు గానీ కొరతల సంగతి గానీ నోట్సులో లేవు.

చీకటిగది: 18వ అధ్యాయంలో కౌంట్‌ను వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఇతను టర్కుల మీద పేరు సంపాదించిన వోయివోడ్ (ఏలిక) డ్రాకులాయే అయ్యుండాలంటాడు. అది వ్లాడ్ కాక ఇంకెవరు?

పాతకాపీ: 3వ అధ్యాయంలో కౌంట్ డ్రాకులా తాను సెకేయ్ (ట్రాన్సిల్వేనియాలోని హంగేరియన్) జాతివాణ్ణని చెప్పుకుంటాడు. వ్లాడ్ సెకేయ్ కాడు.

ఓరుగల్లు: మరి బ్రాన్ కోటనే డ్రాకులా కోట అని టికెట్లు అమ్ముతున్నరు గదా?

పాతకాపీ: నవల్లో కోట ట్రాన్సిల్వేనియా ఉత్తరాన బోర్గో కనుమ దగ్గర. బ్రాన్ ఉన్నది దక్షిణాన, బ్రషోవ్ దగ్గర. స్టోకర్ రొమేనియాలో అడుగే పెట్టలేదు.

చీకటిగది: ఒక్క ఫుట్‌నోట్ పట్టుకుని వేలాడుతున్నారు. పోయినసారి ఇదే మాటంటే ఇక్కడొకరు నన్ను సినిమా చూసి రాశావన్నారు. నవల చదివే అంటున్నాను. 1911లో వచ్చిన 'ది లెయిర్ ఆఫ్ ది వైట్ వర్మ్' తీయండి, కథ ఎక్కడా నిలబడదు. రాసింది అదే చెయ్యి. తేడా సరుకులోనే ఉంది.

పాతకాపీ: తేడా శ్రమలో ఉంది. 'వైట్ వర్మ్' ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక రాసింది. 'డ్రాకులా'కు ఏడేళ్ళు పట్టింది, అదీ లండన్ లైసియం థియేటర్ మేనేజరుగా నటుడు హెన్రీ ఇర్వింగ్ పనులన్నీ చూసుకుంటూ. రైళ్ళ వేళలు, విట్‌బీ సమాధుల మీది పేర్లు, అక్కడి యాస మాటలు, అన్నీ రాసిపెట్టుకున్నాడు. 1885లో నార్వా నుంచి వచ్చిన 'డిమిట్రీ' అనే రష్యన్ ఓడ విట్‌బీలో ఒడ్డెక్కి పాడైంది. నవల్లో అదే వార్నా నుంచి వచ్చే 'డిమీటర్' అయింది. అక్షరాలు అటూఇటూ చేశాడంతే.

చీకటిగది: ఇదే నాకు మండేది! రచయితను గుమాస్తాను చేసేస్తున్నారు. రైలు టైంటేబుల్ చూసి ఎవరు జడుసుకుంటారు?

పాతకాపీ: నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక కౌంట్ ఎదురుపడేదే తక్కువ. కౌంట్ రక్తం తాగుతున్న లూసీ ఎందుకు చచ్చిపోయిందో చూడండి. నలుగురు మగాళ్ళు రక్తమిచ్చారు, గదినిండా వెల్లుల్లి పూలు పెట్టారు. ఆ పూలు రక్తపిశాచిని ఆపడానికని వాన్ హెల్సింగ్ లూసీ తల్లికి చెప్పలేదు. ఆవిడ ఘాటు పడక పూలు తీసేసి కిటికీ తెరిచింది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడమే అక్కడ ప్రాణం తీసింది. లూసీ స్నేహితురాలు మీనా ఆ కాగితాలన్నీ తేదీల వరసన టైపు చేశాకే వేట మొదలవుతుంది. కౌంట్ కూడా ముందు ఆ కాగితాల్నే తగలబెట్టాడు. ఇంకో కాపీ బీరువాలో ఉండబట్టి బతికిపోయారు. తేదీ ఒక్కటి తప్పినా ఈ కట్టడం కూలుతుంది. టైంటేబుల్ అందుకు.

గౌతమి: చివర్లో కౌంట్‌ను చంపేది కత్తులు. వేటగాళ్ళలో జొనాథన్ కుక్రీ కత్తి గొంతు మీద, క్విన్సీ బౌవీ కత్తి గుండెలో. ఎండ తగిలి చావడం 1922 నాటి 'నోస్ఫెరాటు' సినిమాతో వచ్చింది.

చీకటిగది: సరే, పనితనమే అనుకుందాం. స్టోకర్‌దే 'ది జ్యువెల్ ఆఫ్ సెవెన్ స్టార్స్' నిండా ఈజిప్టు వివరాలే. అదెందుకు తేలిపోయింది? ఆ పెళ్ళి ముగింపు ఎంత చప్పగా ఉంది!

పాతకాపీ: మీరు చదివింది 1912 ప్రతి. 1903 నాటి మొదటి ప్రతిలో కథ చెప్పేవాడు తప్ప గదిలో ఉన్నవాళ్ళంతా చచ్చి పడుంటారు. తర్వాతి ప్రతిలో ముగింపు మార్చి, 16వ అధ్యాయం మొత్తం లేపేశారు. 1903ది చదివి రండి, అప్పుడు వాదించుకుందాం.