ఏటీ తోచట్లేదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పర్లాకిమిడిలో మే నెల, పైన రేకులు, ఇంక చెప్పేదేముంది. మా తొమ్మిదేళ్ళ అమ్మాయి చల్లగా ఉంటుందని గచ్చు మీద బోర్లా పడుకుని, "అమ్మా, ఏటీ తోచట్లేదే" అంది. ఐదు నిమిషాలకి మళ్ళీ అంది. మూడోసారికి మా అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే, "తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట. నువ్వెక్కడికెళ్తావే అమ్మడూ?" అన్నారు. పిల్లకి సామెత పట్టలేదు. తోడికోడలంటే ఎవరు మామ్మా అని అడిగింది. ఆవిడకి నేనొక్కర్తినే కోడల్ని, చూపించడానికి మనిషి కూడా లేదు.

ఓ ముప్పావుగంట పోయాక అదే పిల్ల గబుక్కున లేచి, "అమ్మా, ఒకటి తోచింది! ఖాళీ అగ్గిపెట్టెలున్నాయా?" అంది.

వంటింట్లోంచి మజ్జిగ తెస్తున్నదాన్ని గుమ్మంలోనే ఆగిపోయాను. విసుగుకీ అదే మాట, ఊహకీ అదే మాట! పొద్దుపోకపోతే "తోచట్లేదు" అంటాం. బుర్రలో ఏదైనా పుడితే "తోచింది" అంటాం. పుట్టినప్పట్నించీ రెండూ అంటూనే ఉన్నాను, రెండూ ఒకే క్రియ అని నలభై దాటాక తట్టింది. (చూశారా, ఇక్కడ 'తోచింది' అని రాయబోయి 'తట్టింది' అన్నాను. తట్టడం అంటే ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యేసినట్టు. తోచడం అంత హఠాత్తుగా ఉండదు.)

అప్పట్నించీ ఈ మాట ఎక్కడ వినబడినా చెవి అటే పోతోంది. గుడికి చందా అడిగేవాళ్ళు "తమకు తోచింది ఇవ్వండి" అంటారు. కోపమొస్తే "నీకు తోచినట్టు ఏడు" అంటాం. సలహా చెప్పి "ఏదో, నాకు తోచింది చెప్పాను" అని తప్పుకుంటాం. ఇంకోటి, "నేను తోచాను" అనం. ఎప్పుడూ "నాకు తోచింది"యే. నిద్ర పట్టినట్టు, ఆకలి వేసినట్టు, అది వచ్చి మనకి జరగాలి. ఎవరినైనా రాయి అనొచ్చు, గియ్యి అనొచ్చు, 'తోచు' అని ఆజ్ఞాపించడానికి తెలుగులో వీల్లేదు.

ఈ చివరిది నాకు బాగా తగిలింది. పెళ్ళికి ముందు రెండు కథలు అచ్చయ్యాయి నావి. తర్వాత పదిహేనేళ్ళు ఏమీ లేదు. పోయినేడాది మోటివేషన్ కావాలని వీడియోలు చూశాను. పొద్దున్నే ఐదింటికి లేవమన్నారు, లేచాను. ఇడ్లీ పిండి, పాలవాడు, పిల్ల యూనిఫాం అన్నీ తోచాయి. కథ తోచలేదు. రోజూ నోటుబుక్కు చూస్తే టెన్షన్ పట్టుకుని అది బీరువాలో పెట్టేశాను. నెలన్నర పోయాక, గోరుచిక్కుళ్ళు తుంచుతుంటే ఓ పెద్దావిడ మాట వినబడినట్టయింది. చేతికి దొరికిన కరెంటు బిల్లు వెనక నాలుగు లైన్లు రాశాను. అది కథ అయ్యిందా లేదా తర్వాత సంగతి.

మా ఆయన అనేది ఏమిటంటే, "నీకు లోటేమీ లేదు, అందుకే తోచదు. రాసేవాళ్ళకి కడుపులో మంట ఉండాలి." నేను ఒప్పుకోను. ఇంట్లో అందరూ తిని పడుకున్నాక ఉండే ఆ తృప్తిలోనే నాకు తోచేవి తోచాయి. మీరేమంటారు? మీ వైపు ఈ మాట ఇంకెలా వాడతారు?

(గ్రాంథికంలో అడగాల్సిందేమో గానీ, గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని "ఏమియు తోచుట లేదు" అని రాయడానికి చెయ్యి రాలేదు.)

బరంపురం నుంచి:
మా ఇంట్లో "ఊసుపోవట్లేదు" అనే ఎక్కువ. రెండూ ఒకటే అనుకుంటారు గానీ కాదు. ఊసు అంటే మాట, కబురు. ఊసుపోని వాళ్ళకి పక్కన మనిషి కావాలి. తోచనివాళ్ళకి చేతిలో పని కావాలి. మా అమ్మ వీధరుగు మీద కూర్చుంటే ఊసుపోయేది, లోపలికొస్తే మళ్ళీ తోచేది కాదు.

రాయగడ నుంచి, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి:
అమ్మా, మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. ఈ మాటకి అరసున్న ఉంది. పాత పద్ధతిలో 'తోఁచు' అని రాస్తారు. ఆ అరసున్న ఉత్తినే రాలేదు. తమిళంలో ఇదే మాట 'తోన్ఱు', నకారం స్పష్టంగా వినబడుతుంది. కన్నడంలో 'తోరు'. అన్నిటికీ మొదటి అర్థం కనబడటం. తర్వాతే మనసుకి కనబడటం అనే అర్థం. 'దిక్కు తోచక' అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది, ఏ దిక్కూ కనబడటం లేదనే కదా. కాబట్టి మీ అమ్మాయికి ముందు ఏమీ కనబడలేదు, తర్వాత ఒకటి కనబడింది. అంతే. విసుగనేది ఈ మాటకి మనం తర్వాత తగిలించిన అర్థం.

మీ వారి మాటతో మాత్రం నేను సగం ఏకీభవిస్తాను. సగమే.

జయపురం నుంచి:
మా పిల్లలు ఒడియా బళ్ళో చదువుతున్నారు. అక్కడ "మొనొ లాగునాహిఁ" అంటారు. లాగడం అంటే మన లాగడం కాదు, అంటుకోవడం. మనసు దేనికీ అంటుకోవడం లేదని. ఆలోచన వస్తే మాత్రం "మొనకు ఆసిలా", మనసులోకి వచ్చింది అని. రెండు వేరువేరు మాటలు. మా చిన్నాడు ఇంటికొచ్చి "నాకు మనసు లాగట్లేదు" అంటే వాళ్ళ నాన్న "ఎవడు లాగుతున్నాడ్రా?" అని నవ్వుతారు. 1936 ఏప్రిల్ 1న మన ఊళ్ళని ఇటు ఒడిషాలో కలిపారు గానీ, మాటలు ఇప్పటికీ కలుస్తూనే ఉన్నాయి.

విశాఖ నుంచి, సొంతూరు గుణుపురం:
మా వాడికి పదిహేనేళ్ళు. ఈ మాట వాడి నోట విని మూడేళ్ళయింది. "బోర్ కొడుతోంది" అంటాడు. ఫోన్ చేతికిస్తే అదీ అనడు.

మళ్ళీ నేను:
మాష్టారూ, అరసున్నకి దణ్ణం. గుణుపురం వారు అన్నది చదివాక ఒకటి గమనించాను. 'బోర్ కొట్టడానికి' ఎదురు మాట లేదు. బోర్ పోయాక ఏమయిందో చెప్పాలంటే ఇంకో మాట వెతుక్కోవాలి. 'తోచట్లేదు'కి మాత్రం 'తోచింది' పక్కనే కాచుకుని ఉంది.

పర్లాకిమిడి నుంచే:
మీ ఊరి వాణ్ణే. మనకి కొమ్ముతో బొమ్మలు చేసే పని ఉంది కదా, అది చెప్పకుండా మాట వదిలేశారేం? మా పెదనాన్నగారు చేసేవారు. పశువు కొమ్ముని సెగకి కాస్తే మెత్తబడుతుంది, అప్పుడే వంచాలి, చల్లారితే ఇంక మాట వినదు. చిన్నప్పుడు నేను "ఇది కొంగ చెయ్యాలని ముందే అనుకున్నావా?" అని అడిగాను. "లేదురా, ఈ వంపు చూస్తే మెడ తోచింది" అన్నారు. ఇంకో కొమ్ముకి అలాంటి వంపు లేదు, దానికి చేప తోచింది. ఆయన ఏనాడూ తోచేదాకా ఆగి పనికి కూర్చోలేదు. కొమ్ము చేతిలో పట్టుకునే కూర్చునేవారు. నోటుబుక్కు బీరువాలో పెట్టడం నాకు నచ్చలేదు చెల్లెమ్మా. బిల్లు వెనకో, క్యాలెండరు వెనకో, ఏదో ఒకటి చేతికి అందేలా ఉండాలి.

ఇక మా బావగారికి, అదే మీ వారికి చెప్పండి. మా పెదనాన్నకి కడుపులో మంట ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం చద్దన్నం, ఉల్లిపాయ, ఓ కునుకు, మళ్ళీ ఆకురాయి.

రాయగడ మాష్టారు:
ఆ మిగిలిన సగం కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

మళ్ళీ నేను:
అన్నయ్యగారూ, కొమ్ము కబురు మా ఆయనకి చదివి వినిపించాను. "బావగారు" అన్నందుకు మురిసిపోయి అసలు పాయింటు వదిలేశారు. నోటుబుక్కు బయటికి తీశాను. బియ్యం డబ్బా మీద పెట్టాను, అత్తయ్యగారు దాని మీద చాట పెట్టారు.

అగ్గిపెట్టెల సంగతి అడిగారు కొందరు. అది రైలట. నౌపడ నుంచి మన ఊరికి 1900లో వేసిన చిన్న రైలు గురించి వాళ్ళ మామ్మ ఎప్పుడో చెప్పారు, పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండేదని. పిల్ల గచ్చు మీద స్కేలు పెట్టి సుద్దతో రెండున్నర అంగుళాలు కొలిచి గీతలు గీసింది. ఆరు పెట్టెలు కలిపి దారం కట్టింది. చింతపిక్కలు ప్యాసింజర్లు. నౌపడ అంటే తులసికోట, పర్లాకిమిడి అంటే మామ్మ మంచం, గుణుపురం అంటే వంటింటి గుమ్మం. మంచం దాటాక బండి ఆగిపోయింది. కదలాలంటే చక్రాలు కావాలట, సోడా మూతలు పన్నెండు. కరెంటొచ్చినా ఫ్యాను వెయ్యనివ్వడం లేదు, ప్యాసింజర్లు ఎగిరిపోతారట. నేను బజారుకి వెళ్ళొస్తాను.