పోయిన మనిషి ఫేస్‌బుక్ ఖాతా: ఉంచాలా, తీసేయాలా?

పెద్దోడు: నాన్న పోయి ఏడాది. నిన్న ఆయన పుట్టినరోజని అందరికీ నోటిఫికేషన్ వెళ్లింది, అమ్మకి కూడా. విషయం తెలియని ఇద్దరు ఆయన వాల్ మీద ‘నూరేళ్లు చల్లగా ఉండాలి’ అని రాశారు. తీసేద్దామంటే తమ్ముడు ఒప్పుకోడు.

పాతకాపు: తీసేయండి బాబూ. పోయినవాళ్లకి లైకులేంటి? పరామర్శ అంటే ఇంటికెళ్లి కూర్చోవడం. మాట రాకపోతే ఊరికే కూర్చున్నా చాలు. ఇప్పుడు ‘ఆర్ఐపీ’ అని మూడక్షరాలు కొట్టి చేతులు దులుపుకుంటున్నారు.

నిద్రరానివాడు: తీసేయక్కర్లేదండీ. స్మారక ఖాతాగా మార్చమని అడగొచ్చు, 2009 నుంచీ ఉంది. పేరు పక్కన ‘రిమెంబరింగ్’ అని వస్తుంది, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది.

పెద్దోడు: అప్పుడు లోపలికి వెళ్లలేమా? తమ్ముడి దగ్గర పాస్‌వర్డ్ ఉంది.

నిద్రరానివాడు: ఎవరూ వెళ్లలేరు. నాన్నగారు ముందే ఎవరినైనా లెగసీ కాంటాక్ట్‌గా, అంటే తన తర్వాత ఖాతా చూసుకునేవాళ్లుగా పెట్టి ఉంటే, వాళ్లు ప్రొఫైల్ ఫొటో మార్చడం లాంటి కొన్ని పనులు చేయగలరు, అంతే. మెసేజ్‌లు చదవలేరు. ఆ సదుపాయం 2015లో వచ్చింది.

పాతకాపు: ఆ మూడక్షరాల సంగతి ఎవరూ మాట్లాడరేం?

గడుగ్గాయి: మీరు వదిలితేగా! మా తాతయ్య పోతే, నాకు పరీక్షలని మూడు రోజులు చెప్పలేదు. వెళ్లేసరికి ఆయన మంచం కూడా తీసేశారు. నాకు మిగిలింది ఒక్క వాయిస్ మెసేజ్, పదకొండు సెకన్లు. ‘ఎలా ఉన్నావురా’ అని, తర్వాత ‘ఇదెలా ఆపాలే’ అని నానమ్మని అడగడం. రోజూ వింటాను. అది గౌరవం కాదా?

పాతకాపు: అది వేరు.

గడుగ్గాయి: ఏం వేరు? రానివ్వనిదీ పెద్దవాళ్లే, రాలేదని తిట్టేదీ మీరే.

లింగులిటుకు: పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

పాతకాపు: లింగులిటుకూ, ఇది చావు సంగతి, సినిమా కాదు. గడుగ్గాయ్, నాకు నేర్పకు. మా ఆవిడ పోతే మా అబ్బాయి వీడియో కాల్‌లో చూశాడు. ఫోన్ పట్టుకున్నవాడి చెయ్యి వాలిపోయి సగంసేపు మా చెప్పులే కనిపించాయట. ఆ రాత్రి వాళ్లమ్మ మీద ఇంత పొడుగు పోస్టు పెట్టాడు. కింద వందలమంది ఏడ్చారు. నాకు మాత్రం వారం దాకా ఫోన్ చేయలేదు.

గడుగ్గాయి: సారీ అండీ. తెలియక అన్నాను. కానీ ఆ కోపం ఫేస్‌బుక్ మీద కాదుగా.

పాతకాపు: కాదు.

పెద్దోడు: తమ్ముడిని గట్టిగా నిలదీశాను. రాత్రిళ్లు నాన్న ఖాతాలోకి వెళ్తాడట. అలా వెళ్లినప్పుడు వాడి ఫోన్‌లో నాన్న పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. అది చూసి పడుకుంటాడట. ఇంకేమీ అడగలేకపోయాను.

నిద్రరానివాడు: అయితే ప్రస్తుతానికి అమ్మగారి ఫోన్‌లో పుట్టినరోజు నోటిఫికేషన్లు ఆపేయండి. సెట్టింగ్స్‌లో ఉంటుంది.