క్రిసోస్తం ప్రవాసం గురించి తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయగలరా?

అందరికీ వందనాలు. వచ్చే నెల మా సంఘంలో యువతకు తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ బిషప్ యోహాను క్రిసోస్తం గురించి చెప్పాలి. ఒక్క చోట ఆగిపోయాను.

క్రీ.శ. 403లో ఆయన్ని పదవి నుంచి దించి వెళ్ళగొట్టారు, వెంటనే వెనక్కి పిలిచారు. 404లో మళ్ళీ పంపేశారు, ఈసారి అర్మేనియా కొండల్లోని కుకుసుస్‌కి. అక్కడి నుంచి సంఘ పరిచారకురాలు (డీకనెస్) ఒలింపియాకి రాసిన ఉత్తరాలు చదువుతుంటే గుండె బరువెక్కింది. చలికి గడప దాటలేక, దుప్పట్ల మీద దుప్పట్లు కప్పుకుని, ఒకే గదిలో మంట వేసుకుని ఆ పొగ భరిస్తూ ఉండిపోయారట. వాంతులు, తలనొప్పి, నిద్ర లేదు. అయినా ఆయనే ఆమెను ఓదారుస్తారు!

నా ప్రశ్న ఇది. ఆయన మీద పగబట్టిందని చెప్పే మహారాణి యుడోక్సియా (చక్రవర్తి అర్కాదియస్ భార్య) 404 అక్టోబరులోనే చనిపోయింది. మరి శిక్ష ఎందుకు రద్దు కాలేదు? పైగా 407లో ఇంకా దూరం, నల్లసముద్రం ఒడ్డున ఉన్న పిత్యూస్‌కి తరలించమన్నారు. దారిలోనే, కొమానా దగ్గర, సెప్టెంబరు 14న ప్రాణం విడిచారు. ఇది చక్రవర్తి అర్కాదియస్ పట్టుదలా, లేక 403లో ఆయన్ని దించడంలో ముందు నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్ వర్గం ఒత్తిడా? రోమ్ బిషప్ ఇన్నొసెంట్ ఆయన పక్షాన నిలబడినా ఎందుకు ఫలించలేదు? మా పిల్లలు ఇవి తప్పకుండా అడుగుతారు.

ఆ ఉత్తరాలకు తెలుగు అనువాదం ఎక్కడైనా దొరికితే అదీ చెప్పండి, ప్లీజ్.