జన్యుమార్పిడి ఆహారం మన వంటింట్లోకి ఏ దారిన వస్తోంది?

ప్రశ్న, విజయవాడ నుంచి:

అందరికీ నమస్కారం. మా బాబుకు రెండేళ్లు. గింజలేని ద్రాక్ష, హైబ్రిడ్ టమాటా, స్వీట్ కార్న్, తైవాన్ బొప్పాయి ఇవేవీ మా అత్తయ్యగారు ఇంట్లోకి రానివ్వడం లేదు. ఇవన్నీ జన్యుమార్పిడి పంటలేనని ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఆవిడ మాట కొట్టిపారేయలేను, పిల్లవాడికి పండ్లు పెట్టకుండానూ ఉండలేను. నిజంగా వేటిని మానాలి? కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి?

జవాబు, విత్తన పరీక్ష కేంద్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకరి నుంచి:

అమ్మా, మీరు చెప్పిన నాలుగింటిలో మన దేశంలో పండే ఏ ఒక్కటీ జన్యుమార్పిడి పంట కాదు. బాబుకు నిశ్చింతగా పెట్టండి. ద్రాక్షపై పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు కాబట్టి వాటిని మాత్రం బాగా కడగండి.

హైబ్రిడ్ వేరు, జన్యుమార్పిడి వేరు. టమాటా మొగ్గ విచ్చకముందే అందులోని పుప్పొడి తిత్తులను చిన్న పట్టకారుతో తీసేసి, మరో టమాటా రకం పుప్పొడిని చేత్తో అద్దుతారు. ఆ కాయలో వచ్చిన గింజే హైబ్రిడ్ విత్తనం. రెండు టమాటాల కలయిక తప్ప అందులో మరేమీ లేదు. గింజలేని ద్రాక్ష ప్రకృతిలోనే వచ్చిన మార్పు, కొమ్మలు నాటి పెంచుతారు. జన్యుమార్పిడిలో సాధారణంగా వేరే జీవి జన్యువును ప్రయోగశాలలో పంటలోకి చొప్పిస్తారు. బీటీ పత్తిలో పెట్టింది నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువు. దానివల్ల మొక్కే ఒక ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది, కాయతొలుచు పురుగు దాన్ని తిని చస్తుంది.

మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగు చేయడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట ఆ పత్తి ఒక్కటే. 2002లో అనుమతి వచ్చింది, ఇప్పుడు దేశంలోని పత్తి దాదాపు అంతా అదే. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల సంఘం ఆమోదం తెలిపినా, హైదరాబాద్ సహా పలు నగరాల్లో ప్రజల వాదన విన్నాక అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరి 9న నిలిపివేశారు. 2019లో హరియాణాలో అనుమతి లేని బీటీ వంగ తోట ఒకటి బయటపడింది కాబట్టి ప్రభుత్వ నిఘా అవసరమే, కానీ గుత్తివంకాయ కూర మానుకోవాల్సిన పని లేదు. జన్యుమార్పిడి ఆవాల సాగు వ్యవహారం సుప్రీంకోర్టులో ఉంది.

మరి మానాలనుకుంటే ఎక్కడ చూడాలి? నూనె డబ్బా మీద చూడాలి. పత్తి తినే పంట కాదు కదా అనుకుంటాం గానీ, దూది తీశాక మిగిలిన గింజలను నూనె ఆడతారు. ఆ నూనెను శుద్ధి చేసి వనస్పతిలోనూ, కారప్పూసలూ చిప్సులూ వేయించడానికీ వాడతారు. రెండోది సోయా నూనె. మనం దిగుమతి చేసుకునే ముడి సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలది, అక్కడ పండే సోయా దాదాపు అంతా జన్యుమార్పిడిదే. కనోలా (ఆవాల జాతి గింజ) నూనె వాడేవారు దాన్నీ ఈ లెక్కలోనే వేసుకోవాలి. బాగా శుద్ధి చేసిన నూనెలో ఆ జన్యువు గానీ ప్రొటీన్ గానీ దాదాపుగా మిగలవు. అయినా వద్దనుకోవడం మీ హక్కు.

వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో ఈ సమస్య లేదు. పొట్లం వెనక నూనె పేరు విడిగా రాయాలన్న నిబంధన ఉంది కాబట్టి ‘కాటన్ సీడ్’, ‘సోయాబీన్’ అన్న మాటల కోసం వెతకండి. ‘బ్లెండెడ్’ అని ఉంటే ఏ నూనెలు ఎంత శాతం కలిపారో కూడా చదవండి. బిస్కెట్లు, చాక్లెట్లలో 322 అన్న అంకె కనిపిస్తే అది లెసిథిన్, అంటే కొవ్వూ నీరూ విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం. తరచుగా సోయాదే, కొన్నిసార్లు పొద్దుతిరుగుడుది. సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ ముద్ర ఉన్నవాటిలో జన్యుమార్పిడి పంటలు వాడకూడదు.

నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. జన్యుమార్పిడి పదార్థం ఉన్న ప్యాకెట్టు మీద పైభాగాన ‘జీఎం’ అని ముద్రించాలని 2013 జనవరి 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ అక్షరాలున్న నూనె ప్యాకెట్టు ఇంతవరకు నా కంటపడలేదు. తినేవాడికి చెప్పమన్న చట్టం ఉండి కూడా, మీలాంటి తల్లులు వాట్సాప్ సందేశాల మీద ఆధారపడాల్సి రావడం అన్యాయం.

విజయవాడ నుంచి:

చాలా ధన్యవాదాలండీ. అత్తయ్యగారికి చదివి వినిపించాను. మీల్ మేకర్ సంగతి అడగమన్నారు.

జవాబు:

మన సోయా ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు, ఇంకా ఎక్కువగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో పండుతుంది. అక్కడ జన్యుమార్పిడి సోయాకు అనుమతి లేదు. ఇక్కడి సోయాతో చేసిన మీల్ మేకర్ నిరభ్యంతరంగా వండుకోండి.

ఖమ్మం నుంచి ఒక పత్తి రైతు:

సార్, మా గేదెలకు పత్తి చెక్క పెడతాం. మరి పాలు? ఇంకో మాట. మా వైపు ‘బీజీ-3’ అని గుట్టుగా అమ్ముతున్నారు, గడ్డిమందు కొట్టినా చావదట. అది మంచిదేనా?

జవాబు:

చెక్కలోని ప్రొటీన్ పశువు కడుపులో అరిగిపోతుంది. పాలు మామూలు పాలే. ‘బీజీ-3’ జోలికి మాత్రం పోవద్దు బాబూ. అది కలుపు మందును తట్టుకునే పత్తి, దానికి అనుమతి లేదు. బిల్లు ఇవ్వరు, మొలవకపోతే నష్టపరిహారం అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. పైగా గ్లైఫోసేట్ అనే ఆ కలుపు మందును చేలో విచ్చలవిడిగా కొట్టాల్సి వస్తుంది. అది పీల్చేది మీరూ, మీ కూలీలూ.

డల్లాస్ నుంచి:

అంకుల్, అమెరికాలో ఉన్నవాళ్లం ఏం చూడాలి? పండ్ల మీద స్టిక్కర్ 8తో మొదలైతే జన్యుమార్పిడిది అంటారు, నిజమా?

జవాబు:

8 అంకెను అలా వాడాలని ఒకప్పుడు అనుకున్నారు గానీ దుకాణాల్లో అది అమలు కాలేదమ్మా. ఐదంకెల సంఖ్య 9తో మొదలైతే ఆర్గానిక్, అది నమ్మవచ్చు. మీ దగ్గర మొక్కజొన్న, సోయా, కనోలా, పత్తి, చక్కెర దుంప దాదాపు అంతా జన్యుమార్పిడివే. అందుకని కార్న్ ఆయిల్, కనోలా మాని వేరుశనగ నూనె తీసుకోండి. పంచదార పొట్లం మీద ‘కేన్ షుగర్’ అని ఉంటే చెరకుది, దానితో ఇబ్బంది లేదు. హవాయి బొప్పాయిలో జన్యుమార్పిడి రకం 1998 నుంచీ ఉంది. 2022 జనవరి నుంచి ‘బయో ఇంజనీర్డ్’ అన్న గుర్తు తప్పనిసరి చేశారు, కానీ ఆ నిబంధన తెచ్చినప్పుడు బాగా శుద్ధి చేసిన నూనెలకూ చక్కెరకూ మినహాయింపు ఇచ్చారు. ఆ గుర్తు లేనంత మాత్రాన జన్యుమార్పిడి పంట వాడలేదనుకోకండి. కందిపప్పు, శనగపప్పు, బాస్మతి గురించి బెంగ వద్దు.

బాపట్ల నుంచి:

మన సాంబ మసూరినే మార్చి కొత్త బియ్యం తెచ్చారని విన్నాం. అది కూడా ఇదేనా?

జవాబు:

మీ ఊరి బీపీటీ 5204 అంటే సాంబ మసూరి. అది మామూలు సంకరం. 2025 మేలో ప్రకటించిన ‘కమల’ అనే వరి రకం దాన్నుంచే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో వచ్చింది. అందులో వేరే జీవి జన్యువు లేదు, వరిలో ఉన్న జన్యువునే సవరించారు. దీన్ని జన్యు సవరణ అంటారు. ఈ తరహా పంటలకు 2022లో కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి వడ్లు మిల్లుకు వచ్చే రోజున వాటిని విడిగా గుర్తించే పద్ధతి ఉండాలని నేను కోరుకుంటాను. మీ ఊరి రైతు సంఘం తరఫున వ్యవసాయ శాఖకు ఇదే అడుగుతూ ఒక ఉత్తరం రాయండి, ముసాయిదా కావాలంటే నేను తయారుచేసి పెడతాను.