అరిగిన క్రాంక్ షాఫ్టును గ్రైండింగ్ చేయించాలా, మార్చాలా?

ప్రశ్న:
నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయి, అడుగు నుంచి ఠకఠక శబ్దం రావడంతో ఇంజన్ విప్పించాను. మూడో కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కడ్డీ) బేరింగ్ షెల్స్, అంటే రాడ్డుకూ షాఫ్టుకూ మధ్య ఉండే సగం వలయాల్లాంటి రేకులు, తమ చోటు నుంచి తిరిగిపోయాయి. షాఫ్టులో ఆ షెల్స్ మధ్య తిరిగే గుండ్రటి భాగం (జర్నల్) మీద గోటికి తగిలేంత లోతుగా గీతలు పడ్డాయి, ఒక పక్క నీలం రంగు తిరిగింది. మిగిలిన జర్నళ్లు నున్నగానే ఉన్నాయి. 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేస్తే చాలని మెకానిక్ అంటున్నారు. ఆయన మాట వినవచ్చా?

జవాబు 1:
గీతల కన్నా నన్ను భయపెడుతున్నది ఆ నీలం రంగు. నూనె అందక జర్నల్ విపరీతంగా వేడెక్కిందనడానికి అది గుర్తు. అంత వేడికి ఉక్కు గట్టిదనం తగ్గిపోవచ్చు, సన్నటి పగుళ్లూ పుట్టవచ్చు. కాబట్టి ముందు షాఫ్టును శుభ్రంగా కడిగించి, అయస్కాంత పద్ధతిలో పగుళ్ల పరీక్ష చేయించండి. జర్నల్ పక్కగోడను కలిసే వంపులోనూ, నూనె రంధ్రాల అంచుల్లోనూ ప్రత్యేకంగా చూడమనండి. పగులు ఉందని తేలితే ఇక గ్రైండింగ్ మాట ఎత్తవద్దు. లేకపోతే షాఫ్టును వీ బ్లాకుల (V ఆకారపు దిమ్మెల) మీద పెట్టి తిప్పుతూ, డయల్ గేజితో (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) వంకర చూడాలి.

జవాబు 2:
కొలవకుండా 0.25 అనడం అంచనా మాత్రమే. గీతలు పూర్తిగా పోవడానికి 0.50 వరకూ తీయవలసి రావచ్చు. అంత తీయడానికి ఇంజన్ మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో, సన్నబడిన జర్నల్‌కు సరిపడే మందపు షెల్స్ దొరుకుతాయో లేదో షాఫ్టును మెషిన్ ఎక్కించకముందే తెలుసుకోండి. ఇండక్షన్ పద్ధతిలో (విద్యుత్ ప్రేరణతో వేడిచేసి) పైపొరను గట్టిపరచిన షాఫ్టయితే ఆ పొర లోతుగా ఉంటుంది కనుక గ్రైండింగ్‌కు తట్టుకుంటుంది. నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైపొరను గట్టిపరచడం) చేసినదైతే పొర చాలా పలచన. గ్రైండింగ్ తర్వాత మళ్లీ నైట్రైడింగ్ చేయించవలసి రావచ్చు, ఆ ఖర్చు కలిపితే కొత్త షాఫ్టే నయమనిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
పరీక్ష చేయించాను. పగుళ్లు లేవు, వంకర కూడా పరిమితిలోనే ఉంది. కానీ నీలం తిరిగిన చోట గట్టిదనం మిగతా జర్నళ్ల కన్నా బాగా తక్కువగా చూపించింది.

జవాబు 1:
అయితే మార్చండి. మెత్తబడిన జర్నల్‌ను ఎంత నున్నగా చేసినా త్వరగా అరుగుతుంది.

జవాబు 2:
నాదీ అదే మాట. అయితే కొత్త షాఫ్టు వేసేముందు మూడో రాడ్డులో షెల్స్ కూర్చునే పెద్ద రంధ్రం గుండ్రంగానే ఉందో లేదో కొలిపించండి. షెల్స్ తిరిగిన రాడ్డును నమ్మలేము. బ్లాకులోని నూనె దారుల ప్లగ్గులు తీయించి, లోహపు రజను పోయేదాకా కడిగించండి. ఆయిల్ కూలర్ ఉంటే దానిలోనూ రజను దాగి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు, షెల్స్‌కు మధ్య నూనె సందు సుమారు 0.05 మిల్లీమీటర్లే కాబట్టి మిగిలిపోయిన కొద్దిపాటి రజనుకే కొత్త షెల్స్ పాడవుతాయి. అసలు ప్రెషర్ ఎందుకు పడిపోయిందో, ఆయిల్ పంపునూ జల్లెడనూ విప్పి చూశారా?