న్యూజెర్సీలో పెరటి తోట: ఫిబ్రవరి నుంచి మే దాకా రోజూ ఏం చూసుకోవాలి?

పెరటిపాదు:
అందరికీ నమస్కారం. మాది ఎడిసన్ దగ్గర. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న మడులు రెండు ఉన్నాయి, ఇంకా మంచు కిందే ఉన్నాయి. ఈ ఏడు వంగ, మిరప, టమాటా, బీర, సొర, గోంగూర, చిక్కుడు వేద్దామని ఉంది. విత్తనాలు ఇంట్లోనే ఉన్నాయి, కొన్ని పాతవి. దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది, మొక్కల కోసం వేసే గ్రో లైటు కొనలేదు.

ఇప్పుడే అన్నీ నారు పోసేయొచ్చా? కిటికీ వెలుతురు సరిపోతుందా? కరివేపాకు కుండీ నవంబరు నుంచి లోపలే ఉంది. ఆకు పసుపు తిరిగి రోజూ రాలుతోంది, మిగిలిన ఆకులు చేతికి జిగురుగా తగులుతున్నాయి. చచ్చిపోతోందంటారా? మడుల్లో మట్టికి ఇప్పట్నుంచే చేయాల్సిన పనులేమైనా ఉంటే అవి కూడా చెప్పండి.

మట్టిపదును:
ఇప్పుడే అన్నీ పోసేయకండి. ఫిబ్రవరిలో పోసిన టమాటా నారు ఏప్రిల్ చివరికల్లా బారెడు సాగి, కప్పులో వేళ్లు చుట్టలు చుట్టుకుని, ఇంట్లోనే పూతకొస్తుంది. దాన్ని బయట నాటితే రెండు మూడు వారాలు కదలదు. ఏప్రిల్‌లో పోసిన పొట్టి నారు దాన్ని దాటిపోతుంది.

మీ వైపు ఆఖరి ఫ్రాస్ట్ (లేత మొక్కల్ని మాడ్చేసే గడ్డకట్టే చలి) మామూలుగా ఏప్రిల్ చివర్లో, కొన్నేళ్లు మే రెండో వారంలో కూడా పడుతుంది. ఉగాది వచ్చింది కదా అని నాటడానికి ఇక్కడ కుదరదు. పైగా వంగ, మిరప ఫ్రాస్ట్ లేకపోయినా రాత్రి చలి 50 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి దిగితే ఎదుగుదల ఆపేస్తాయి. అందుకని మే 15-20 మధ్య నాటతామనుకుని వెనక్కి లెక్కేయండి. మిరప నెమ్మది, దానికి తొమ్మిది పది వారాలు పడుతుంది కాబట్టి మార్చి మొదటి వారం. వంగ మార్చి రెండో వారం. టమాటాకి ఆరేడు వారాలు చాలు, ఏప్రిల్ మొదట్లో పోయండి. గోంగూర ఏప్రిల్ మధ్యలో కప్పుల్లో, లేదంటే మే చివర్లో నేరుగా మడిలోనే.

ఈ వారం చేయాల్సింది గింజల పరీక్ష. పేపర్ టవల్ తడిపి నీళ్లు కారకుండా పిండి, పది గింజలు పరిచి మడిచి, జిప్ కవర్లో పెట్టి వెచ్చటి చోట ఉంచండి. టమాటా వారంలో, వంగ, మిరప పది పన్నెండు రోజుల్లో తేలిపోతాయి. పదికి ఏడు మొలిస్తే మంచి విత్తనమే. నాలుగైదే వస్తే గుంటకి మూడేసి వేయండి. అంతకన్నా తక్కువైతే కొత్త ప్యాకెట్ కొనడమే నయం. టమాటా గింజ నాలుగైదేళ్లు నిలుస్తుంది కానీ మిరప అంత ఓర్చుకోదు.

మొలకెత్తడానికి గదిలో వేడి కన్నా మట్టిలో వేడి ముఖ్యం. 80-85 డిగ్రీలుంటే మిరప వారం పది రోజుల్లో లేస్తుంది, 60 దగ్గర మూడు వారాలు దాటినా లేవకపోవచ్చు, ఈలోగా గింజ కుళ్లుతుంది. ట్రే కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) వేసి, థర్మోస్టాట్ ముల్లు మట్టిలో గుచ్చండి. సగం మొలకలు కనబడగానే మ్యాట్ తీసేయాలి, పైన ప్లాస్టిక్ మూత కూడా ఆ రోజే తీసేయాలి.

కిటికీ సరిపోదు. ఫిబ్రవరి మధ్యలో పగలు పదిన్నర గంటల పైచిలుకే, అందులో మబ్బు రోజులు బోలెడు. నారు అద్దం వైపు వంగి దారంలా సాగుతుంది. ఖరీదైన గ్రో లైటు అక్కర్లేదు. నాలుగడుగుల ఎల్ఈడీ షాప్ లైటు, 5000 కెల్విన్ తెల్లది, రెండు పక్కపక్కన వేలాడదీస్తే చాలు. మొలకల తలలకి రెండు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచి, అవి పెరిగేకొద్దీ గొలుసు పైకి లాగండి. టైమర్ మీద రోజుకి 14-16 గంటలు.

ఇక ఎక్కువమంది నారు పోగొట్టుకునేది నారుకుళ్లుతో. రాత్రి నిటారుగా ఉన్న మొలక పొద్దున్న పడిపోయి ఉంటుంది. వేలితో ఎత్తి చూస్తే మట్టికి ఆనుకున్న చోట కాండం నీరు పట్టి, గోధుమరంగుకి తిరిగి, సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది. పైన రెండాకులూ మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. పడ్డ మొలక మళ్లీ లేవదు, రాకుండా చూసుకోవడమే. పెరటి మట్టి వాడొద్దు, కొబ్బరి పీచు పొట్టు లేదా పీట్‌లో (కుళ్లిన నాచు పొట్టు) పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) కలిపిన సీడ్ స్టార్టింగ్ మిక్స్ తీసుకోండి. పైనుంచి నీళ్లు పోయకుండా కింది ట్రేలో అర అంగుళం పోసి, ఇరవై నిమిషాలయ్యాక మిగిలింది పారబోయండి. పైమట్టి రంగు తేలాక, ట్రే ఎత్తితే తేలిగ్గా అనిపించాకే మళ్లీ నీళ్లు. చిన్న ఫ్యాను తగుమాత్రం వేగంతో రోజూ కొన్ని గంటలు తిప్పండి. గాలికి కాండం కూడా గట్టిపడుతుంది.

అసలు ఆకులు రెండు జతలు వచ్చాక నాలుగంగుళాల కప్పుల్లోకి మార్చండి. టమాటాని బీజదళాల (మొట్టమొదట వచ్చే రెండాకుల) దాకా పాతిపెట్టొచ్చు, కాండం పొడవునా వేళ్లొస్తాయి. వంగ, మిరప ఉన్న లోతులోనే నాటాలి. ద్రవ ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు, వారానికోసారి.

కుండీతోట:
కరివేపాకు సంగతి చెప్తాను. ఆకు రాలడం వేరు, జిగురు వేరు. చలికాలంలో వెలుతురు తగ్గి, గది 65 డిగ్రీల దగ్గర ఉంటే ఆ మొక్క నిద్రపోతుంది, కింది ఆకులు పసుపు తిరిగి రాలతాయి. కొమ్మ మీద గోటితో కొంచెం గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. నిద్రపోయే మొక్కకి నీళ్లు ఎక్కువ పోస్తేనే వేరు కుళ్లి నిజంగా చచ్చిపోతుంది. రెండంగుళాల లోతు వేలు గుచ్చి, పొడిగా ఉంటేనే పోయండి. మార్చి దాకా ఎరువొద్దు. పుల్ల మజ్జిగ పోసే అలవాటు మనకి ఎక్కువ, ఎండాకాలం బయటున్నప్పుడు పోసుకోవచ్చు కానీ ఇంట్లో వద్దు, వాసనొస్తుంది, ఈగలు మూగుతాయి.

జిగురుంటే మాత్రం పొలుసు పురుగు అయ్యుండాలి. ఆకు తిప్పి నడిమి ఈనె వెంబడి చూడండి, కాండం మీద కూడా. గోధుమరంగు చిన్న బొడిపెలు, గోటితో తోస్తే ఊడొస్తాయి. దూదిపుల్ల 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కటే తుడిచేయండి. తర్వాత ఇన్సెక్టిసైడల్ సోప్ (మొక్కల పురుగులకని అమ్మే సబ్బు ద్రావణం) ఆకు అడుగు తడిసేలా కొట్టి, వారం వారం మూడు నాలుగు సార్లు చేయాలి. పెద్ద పురుగు మీద పొలుసు ఉంటుంది, సబ్బు పనిచేసేది పిల్ల పురుగుల మీదే, అవి విడతలు విడతలుగా పుడతాయి, అందుకే ఒక్కసారితో పోదు. ఇంటి మొక్కలకని అమ్మే సిస్టమిక్ గుళికలు (వేళ్ల ద్వారా మొక్కంతా పాకే మందు) దయచేసి వేయకండి. వాటిలో చాలావాటిలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఉంటుంది, అది ఆకులోకి ఎక్కుతుంది. మనం తినేది ఆ ఆకునే.

చిగురు కదిలాకే కుండీ మార్చండి, ఇప్పుడున్నదానికన్నా రెండంగుళాలు పెద్దది చాలు. రాత్రులు 55 దాటాక బయట పెట్టొచ్చు, మొదటి వారం నీడలోనే. ఇంట్లో పెరిగిన ఆకు నేరుగా ఎండలో పడితే తెల్లగా మాడుతుంది.

పందిరికింద:
తీగల గురించి. బీర, సొర ముందుగా పోస్తే లాభం లేదు. ఏప్రిల్ 20 తర్వాత, నాటడానికి మూడు నాలుగు వారాల ముందు, కాగితం కప్పుల్లో ఒక్కో గింజ. వీటి వేళ్లు కదిలితే అలుగుతాయి, కప్పు అడుగు చించి అలాగే పాతిపెట్టండి. సొర, బీర గింజలు ముందురోజు రాత్రంతా నానబెట్టాలి. కాకర కూడా వేస్తే దాని పెంకు గట్టిది, నెయిల్ కట్టర్‌తో అంచు కొంచెం తుంచి నానబెట్టండి.

చిక్కుడు దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. మన నాటు పందిరి చిక్కుడు పగలు తగ్గితే గానీ పూయదు. మన ఊళ్లో అది చలికాలం కాపు. ఇక్కడ జూన్, జులైల్లో పగలు పదిహేను గంటలుంటుంది, తీగ పందిరంతా అల్లుకుంటుంది కానీ పూత సెప్టెంబరులో మొదలవుతుంది, అక్టోబరులో ఫ్రాస్ట్ వచ్చి కాయ ముదరకముందే మాడ్చేస్తుంది. ఎరువు ఎంత వేసినా ఇది మారదు. పగటి పొడవుతో పని లేని పొట్టి రకాలు చూడండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. గోంగూరకీ పగలు తగ్గితేనే పూత, అయితే మనకి కావాల్సింది ఆకు కాబట్టి ఇక్కడి పెద్ద పగళ్లు దానికి మేలే చేస్తాయి, సెప్టెంబరు దాకా కోసుకోవచ్చు.

ఇంకో మాట. ఇండియా నుంచి గింజలు తెప్పించుకోవాలంటే తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ గానీ, చిన్న మొత్తాలకి ఇచ్చే అనుమతి గానీ ఉండాలి. సూట్‌కేసులో పెట్టుకొచ్చి చెప్పకుండా ఉండొద్దు, పట్టుకుంటే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు.

పెరటిపాదు:
చాలా థాంక్సండీ. కాండం గీకి చూశాను, పచ్చగానే ఉంది. ఆ కుండీ మీద దోమల్లాంటి చిన్న నల్ల ఈగలు కూడా ఎగురుతున్నాయి, నారు ట్రేలకి పాకుతాయా? మడుల మట్టి సంగతి కూడా చెప్పరూ.

మట్టిపదును:
పాకుతాయండీ. అవి ఫంగస్ నాట్స్. ఎగిరేవాటితో పెద్ద నష్టం లేదు, మట్టిలో ఉండే వాటి పిల్ల పురుగులు లేత వేళ్లు కొరుకుతాయి. మార్చిలోపే తగ్గించుకోండి. మస్కిటో బిట్స్ అని అమ్మే దోమల మందు గుళికలు నాలుగు టేబుల్‌స్పూన్లు గ్యాలన్ నీళ్లలో అరగంట నానబెట్టి, వడగట్టి, నీళ్లు పోయాల్సిన ప్రతిసారీ మూడు వారాల పాటు అదే పోయండి. అందులో ఉండేది బీటీఐ అనే బ్యాక్టీరియా, తినే మొక్కలకి ఇబ్బంది లేదు. పసుపు జిగురు అట్టలు పెద్దవాటిని పట్టుకుంటాయి, సంఖ్య తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

మట్టికి ముందు పరీక్ష. నేల గడ్డ విడిచాక ఆరంగుళాల లోతు నుంచి పది పన్నెండు చోట్ల తీసి కలిపి రట్గర్స్ యూనివర్సిటీ సాయిల్ ల్యాబ్‌కి పంపండి. పీహెచ్ తక్కువుందంటేనే, అంటే మట్టి ఆమ్లంగా ఉంటేనే, సున్నం, అది పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి త్వరగా తెలిస్తే మంచిది. మంచు కరిగింది కదా అని మార్చిలో తవ్వేయకండి. గుప్పెడు మట్టి పిసికి బొటనవేలితో నొక్కండి, పొడిగా విడిపోతే పదునుకొచ్చినట్టు, ముద్దగా ఉండిపోతే ఇంకో వారం ఆగాలి. తడి మట్టి తవ్వితే ఆరాక పెళ్లలు కడుతుంది, ఆ సీజనంతా బాగుపడదు. పదునుకొచ్చాక మడికి మూడు ఘనపుటడుగుల కంపోస్ట్ వేస్తే అంగుళం మందం వస్తుంది. ఒక మడిలో పాలకూర, కొత్తిమీర మార్చి చివర్లోనే చల్లేయండి, వాటికి చలి పడుతుంది. మేలో వంగ నాటే వేళకి సగం కోత అయిపోతుంది.

నాటే ముందు పది రోజులు నారుని బయటి గాలికి అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో గంట, రోజుకి గంటా రెండు గంటలు పెంచుతూ పోవాలి. నాలుగంగుళాల లోతున మట్టి పొద్దున్న పూట 65 డిగ్రీలుంటే వంగ పెట్టొచ్చు. పెట్టిన రోజే పైన సన్నటి తెల్ల వల కప్పి అంచులు మట్టితో మూసేయండి. ఇక్కడ ఫ్లీ బీటిల్స్ అనే గెంతే చిన్న పురుగులు లేత వంగ ఆకుని రెండు రోజుల్లో జల్లెడ చేసేస్తాయి. పూత మొదలయ్యాక తేనెటీగల కోసం వల తీసేయాలి, అప్పటికి మొక్క తట్టుకునేంత అవుతుంది.